అంచు వరసలో మా ఇల్లు

ఆశ్వయుజ పౌర్ణమి

ఆసుపత్రివాళ్ళిచ్చిన ఈ పెట్టె రోజూ పొద్దున్నే నన్ను ఒకటే అడుగుతుంది: "ఈ రోజు ఎలా ఉన్నారు?" రెండేళ్ళుగా నేనూ ఒకటే చెబుతున్నాను: "బాగున్నాను, నువ్వెలా ఉన్నావు?" దానికి జవాబు చెప్పడం రాదు పాపం. ఈ వేళ మాత్రం ఎలా ఉన్నారని అడగలేదు. "డాక్టర్‌గారు మాట్లాడతారు, ఉండండి" అంది. ఉండక ఎక్కడికి పోతాను, చుట్టూ నీళ్ళు!

నా పేరు నూకరత్నం, ఊరు తెప్పలపాలెం. పెట్టెకి ఇవన్నీ తెలుసు. అయినా ఇవాళ్టి నుంచి ఒంట్లో సంగతీ ఇంట్లో సంగతీ వివరంగా చెప్పమని ఒడ్డున మెట్ట మీదున్న ఆసుపత్రివాళ్ళు అడిగారు కాబట్టి మొదటి నుంచీ చెబుతున్నాను. నేను మా యాసలో చెప్పింది పెట్టె పుస్తకాల తెలుగులోకి దిద్ది రాసుకుంటుంది. నా మాట ఎలా దిద్దుకున్నా సరే గాని మావాళ్ళ మాటలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. మా ఆయన ఎల్లాజీ పుస్తకంలా మాట్లాడితే నవ్వలేక చస్తాను.

నా కుడి మెడ ఎముక కింద, చర్మం లోపల, ఆవగింజంత పూస ఉంది. రెండేళ్ళ కిందట ఎడమ రొమ్ము తీసేసి, మందులెక్కించి, కరెంటు పెట్టి, ఇక ఇంటికి వెళ్ళమన్న రోజున దాన్ని పెట్టారు. మేం ఒడ్డు దగ్గర ఉన్నన్నాళ్ళూ అమావాస్యకీ పౌర్ణమికీ నా రక్తంలో ఏదో చూసి ఒక అంకె పంపుతుంది. ముప్పై లోపుంటే మంచిది. ఇన్నాళ్ళూ ఇరవై రెండు, ఇరవై నాలుగు, మళ్ళీ ఇరవై రెండు. ఈ పౌర్ణమికి ముప్పై మూడు.

పెట్టె అద్దంలోకి డాక్టర్ మెహరున్నీసాగారు వచ్చారు. నాకు పిల్లలు లేరు గాని, కూతురుంటే ఆవిడ వయసుండేది. "రత్నమ్మగారూ, ముందు మీరు కంగారు పడకండి" అన్నారు. ఆ మాటకే ఎండబెట్టిన నాచు మీదే కూలబడ్డాను.

"ముప్పై మూడంటే ఎక్కువేటండీ?"

"ఎక్కువే గాని మరీ ఎక్కువ కాదు. ఒకసారి వచ్చి స్కాన్ తీయించుకోండి."

ఎల్లాజీ పక్కనే కూర్చుని మోకు పేనుతున్నాడు. విననట్టే ఉన్నాడు. కానీ పేనినదంతా విప్పి, మళ్ళీ మొదటి నుంచి పేనడం నేను చూశాను.

ఆశ్వయుజ బహుళ చవితి

మెట్ట మీదికి వెళ్ళి వచ్చాం. ఆ ఆసుపత్రిలో స్కాన్ అంటే ఒక గుమ్మంలోంచి నడవడమే. ఇవతలి నుంచి అవతలికి వెళ్ళేలోపు ఒళ్ళంతా చూసేస్తుంది. సరిగ్గా చూడనిమ్మని నేను కావాలనే నెమ్మదిగా నడిచాను.

"ఎక్కడా ఏమీ కనబడలేదు" అన్నారు డాక్టరమ్మ.

"అమ్మయ్య! మరి అంకెందుకు పెరిగిందండీ?"

"తెలీదు."

ఎల్లాజీకి కోపం వచ్చింది. "ఇన్ని మిసన్లెట్టుకుని తెలీదంటారేటండీ?"

"తెలిసినట్టు నటించమంటారా బాబాయిగారూ?" అందావిడ మెత్తగా. తర్వాత వేళ్ళు మడుస్తూ చెప్పింది. కాలేయంలో వాపున్నా పెరగవచ్చు. కొన్ని మందుల వల్ల పెరగవచ్చు. ఏ కారణం లేకుండా కూడా కొందరికి పెరుగుతుంది. లేదంటే జబ్బు తిరిగి వస్తూ ఉండవచ్చు, ఇంకా స్కాన్‌కి అందనంత చిన్నగా. "వీటిలో మీది ఏదో ఇప్పుడు నాకు తెలీదు. చూస్తూ ఉండాలి."

నాకా పిల్ల మీద ఇష్టం పుట్టింది. అబద్ధం చెప్పి పంపించవచ్చు, చెప్పలేదు. పడవలో తిరిగి వస్తూ అదే ఆలోచించాను. మా అమ్మమ్మ కాలంలో గడ్డ చేతికి తగిలితేనే తెలిసేదట. ఇప్పుడు గడ్డ కాకముందే పూసకి తెలుస్తుంది. పూసకి తెలిసిందని నాకు తెలుస్తుంది. ఏం తెలిసిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇదేం తెలియడమో!

ఆశ్వయుజ బహుళ షష్ఠి

ఈ రోజు మా ఇంటిని విప్పారు.

పెట్టె వెనకాల మెట్టవాళ్ళు వింటారు కాబట్టి చెప్పాలి. తెప్పలపాలెంలో ఒక్కో ఇల్లు ఒక్కో తెప్ప. తెప్పకీ తెప్పకీ మధ్య మోకు ఉంటుంది. మోకుకి ఒక కొస ఈ ఇంటి ఆడమనిషి కడుతుంది, రెండో కొస ఆ ఇంటి ఆడమనిషి కడుతుంది. ఒకరి కొస ఇంకొకరు కట్టకూడదు. లేవగానే పళ్ళు తోముకోవడం కన్నా ముందు ముడి చూసుకుంటాం. పక్కింటి మసేనమ్మ వదినా నేనూ ఇరవై ఏళ్ళుగా ఒకే మోకుకి చెరో కొసన వంగి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకున్నాం.

ఎవరి ఒంట్లోనైనా ఏదో ఉందని అనుమానం వస్తే, వాళ్ళ ఇంటిని మధ్యలోంచి విప్పి అంచు వరసలో కడతారు. ఆసుపత్రి పడవ నేరుగా గుమ్మానికి ఆనుకోవచ్చని. పురుడు దగ్గర పడినవాళ్ళనీ అలాగే మారుస్తారు. మంచికి పెట్టుకున్న పద్ధతే. కిందటిసారి మేం ఆరు నెలలూ మెట్ట మీదే ఉండిపోయాం గనక ఇల్లు కదల్లేదు. మోకులు విప్పుతుంటే ఇంట్లో కూర్చోవడం నాకిదే మొదటిసారి.

ఎవరి ఇల్లు ఎక్కడ కట్టాలో చెప్పేది మోకుల పెద్ద దానయ్య బాబాయ్. "ఊరికే జాగర్తకేనమ్మాయ్" అన్నాడు, నా మొహం చూడకుండా.

మసేనమ్మ వదిన తన కొస తాను విప్పింది. ముక్కు చీదుతూ విప్పింది. ముడి విప్పినవాళ్ళు ఆ పూట కూర పంపాలని మా ఆచారం. కానాగంతల చేపల పులుసు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

నోట్లో పెట్టుకుని చూశాను. "ఒదినా, ఏడుత్తా ఒండేవా? ఉప్పెక్కువైంది."

"నానెందుకేడుత్తానే? సముద్రం నీళ్ళు సింది పడ్డాయి" అంది, పమిటతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

అంచున గాలి బాగుంది, వెలుతురు బాగుంది. అంతకు మించి ఏమీ బాగాలేదు.

నాచు ఆరబెట్టడానికి వెళితే బుట్ట లాక్కున్నారు. మంచినీళ్ళ మిషను దగ్గరికి బిందె పట్టుకుని వెళితే, నలుగురు నాలుగు వైపుల నుంచీ వచ్చి "నువ్వు కూకో పిన్నీ" అన్నారు. అందరూ నాతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. నిన్న గవిరేసు, ఎప్పుడూ నాతో తగువులాడే మనిషి, నీళ్ళ వంతు దగ్గర "ముందు నువ్వు పట్టుకో అక్కా" అన్నాడు. వాడు తిడితేనే నాకు బాగుండేది. ఇంత మంచితనం ఎప్పుడు చూపిస్తారో నాకు తెలియదా ఏమిటి?

ఈ పద్ధతి పెట్టినవాళ్ళు అంచున ఊపెంత ఉంటుందో ఆలోచించినట్టు లేదు. మేమున్న పాయలోకి సముద్రం నుంచి వచ్చే అల ముందు మా తెప్పనే కొడుతుంది. మధ్య ఇళ్ళకి చేరేసరికి దానికి ఓపిక అయిపోతుంది.

ఆశ్వయుజ అమావాస్య

ముప్పై ఆరు.

ఎల్లాజీ అంకె విని, వెళ్ళి నాకు వేన్నీళ్ళు పెట్టాడు. పెళ్ళయ్యాక ఈ మనిషి నాకు నీళ్ళు కాచడం ఇదే మొదటిసారి. గిన్నె మాడ్చాడు. నీళ్ళు కాస్తూ గిన్నె మాడ్చినవాణ్ణి ఎక్కడైనా చూశారా?

నవ్వాను. నవ్వాక స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను. నాకు భయంగా ఉంది. పెట్టెలో ఆ మాటకి గడి లేదు. నొప్పి, వాంతి, ఆయాసం అని ఉన్నాయి గాని భయం అని లేదు. అయినా రాసుకోమన్నాను.

కార్తీక శుద్ధ పంచమి

నడుం నొప్పి. వారం నుంచీ ఉంది గాని చెప్పలేదు. ఇవాళ వంగలేకపోతే చెప్పాల్సి వచ్చింది. పొద్దున రెండుసార్లు వాంతి కూడా అయింది.

ఇదివరకు నడుం నొప్పి అంటే నడుం నొప్పే. అమృతాంజనం రాసుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఏ చిన్న పోటు వచ్చినా దాన్ని పట్టుకుని నిలదీస్తున్నాను: నువ్వెవరు, ఎందుకొచ్చావు, ఎవరు పంపారు? అది చెప్పదు. దానికీ తెలియదేమో.

"నొప్పి ఎముకలోనా, కండలోనా?" అని పెట్టె అడిగింది. ఏమో! రెండూ నావే కదా.

కార్తీక శుద్ధ దశమి

తుఫానుల కాలం దాటితే మార్గశిర పంచమికి ఊరంతా పాయ విడిచి లోతు నీళ్ళలోకి వెళుతుంది. అక్కడే నాచు సాగు. మళ్ళీ వానల ముందు తిరిగి రావడం. లోతులో ఎవరి పక్కన ఎవరుంటారో దానయ్య బాబాయ్ ముందుగా గుడి తెప్ప మీద గవ్వలు పేర్చి చూపిస్తాడు, ఇంటికో గవ్వ చొప్పున. ఊరంతా వచ్చి చూసుకుని, "నా పక్కన ఆడొద్దు, ఈడైతే సరే" అని గోల గోల చేస్తారు. నాకు ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన రోజిది.

రెండుసార్లు వెతికాను. మా గవ్వ లేదు.

"మాదేది బాబాయ్?"

దానయ్య బాబాయ్ తల గోక్కున్నాడు. "ఎల్లాజీ నీకు సెప్పలేదేటమ్మా?"

ఇంటికి వచ్చేసరికి ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నాడు. "మన గవ్వ లేదు" అన్నాను.

చెయ్యి ఆగింది. "ఈ ఏడికి ఒద్దే. పాయలోనే ఉండిపోదాం. ఆసుపత్రి దగ్గిర్లో ఉంటాది."

"నన్నడిగేవా?"

"అడిగితే ఒప్పుతావేటి?"

"ఒప్పనని తెలిసి అడక్కుండా సేసేవా? నాను బతికే ఉన్నాను గదయ్యా!"

ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఎత్తాడు. "ఏటి సెయ్యమంటావే నన్ను? లోతుకెల్లాక నీకేటైనా అయితే పడవొచ్చేసరికి రెండ్రోజులు. ఆ రెండ్రోజులూ నీ మొకం సూత్తా కూకోవాలా? నా వల్ల కాదు. నాకు ఊరొద్దు, నాచొద్దు. నాకు నువ్వు కావాలే!"

ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు కావాలని ఈ మనిషి నోటితో అనలేదు. అన్నది కూడా తిడుతున్నట్టే అన్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెళ్ళి పక్కన కూర్చుని వల రెండో చివర పట్టుకున్నాను.

"నాకు నువ్వూ కావాలి, ఊరూ కావాలి మావా" అన్నాను. "అందరూ ఎల్లిపోయాక ఈ పాయలో మనిద్దరం ఏటి సేత్తాం? నాను పూసని సూత్తాను, నువ్వు నన్ను సూత్తావు. అదీ ఓ బతుకేనా?"

ఎల్లాజీ తెగిన కన్ను వెతికి ముడి వేశాడు.

కార్తీక పౌర్ణమి

ముప్పై ఎనిమిది. పైగా నేను చెప్పిన నడుం నొప్పీ వాంతులూ చూసి ఆసుపత్రివాళ్ళు భయపడ్డారు. ఎముకల స్కాన్ తీయాలి, వెంటనే రమ్మన్నారు.

ఊరంతా నీళ్ళలో దీపాలు వదులుతున్నారు. మసేనమ్మ వదిన వాళ్ళ తెప్ప నుంచి మా తెప్ప వరకూ ఐదారు ఇళ్ళు దూకి వచ్చి, నా పేరు చెప్పి ఒక దీపం వదిలింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

కార్తీక బహుళ విదియ

ఎముకల్లో ఏమీ లేదు!

గుమ్మంలోంచి నడుస్తున్నంతసేపూ ఎల్లాజీ బయట తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ లేదని చెప్పాక కూడా ఆ తలుపు వదల్లేదు. డాక్టరమ్మే వచ్చి కూర్చోబెట్టింది.

"మరి నొప్పి ఎందుకు వచ్చిందో చూద్దాం. ఎప్పుడు మొదలైంది?"

"అమాసకి ముందండీ."

"వాంతులు?"

"కాత్త అటూ ఇటూగా అప్పుడే."

"అప్పట్లో ఏదైనా మారిందా? కొత్త పని, కొత్త తిండి?"

"పనేదండీ, ఎవరూ ముట్టుకోనివ్వట్లేదు. ఇల్లు మారింది, అంతే."

"మీ ఇల్లు ఎలా మారుతుంది?"

అంచు వరస సంగతి ఎల్లాజీ చెప్పాడు. ఇన్నేళ్ళుగా మా ఊరికి వైద్యం చేస్తున్నా, ఈ పద్ధతి ఒకటి ఉందని ఆవిడకి తెలియదు. మేమూ చెప్పలేదు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది.

"అంచున ఊపు ఎక్కువా?"

"ఎక్కువ కాదేటండీ? ఊరికొచ్చే ఊపంతా ముందు మాదే."

"అయితే రత్నమ్మగారూ, నిద్రలో కూడా దొర్లిపోకుండా ఒళ్ళు బిగబట్టుకుని పడుకుంటున్నారన్నమాట."

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నాకు వచ్చిన నవ్వు ఆగలేదు, నడుం పట్టుకుని నవ్వాను, నొప్పి పుట్టినా నవ్వాను. నాకు జబ్బు చేస్తుందేమోనని మావాళ్ళు ప్రేమ కొద్దీ నన్ను తీసుకెళ్ళి జబ్బు చేసే చోట కట్టారు! ఎల్లాజీ ఒక్కడే నవ్వలేదు. నేల చూస్తూ, "నానే ఆ సివర కట్టమని అడిగేను. పడవకి అందుబాటని" అన్నాడు. ఆ మనిషి మొహం చూసి నవ్వు మింగేశాను.

"నడుం సంగతీ వాంతుల సంగతీ తేలాయి" అంది డాక్టరమ్మ. "అంకె సంగతి తేలలేదు. అది మరిచిపోవద్దు."

"ఎప్పటికి తేలుద్దండీ?"

"కొందరికి ఏళ్ళ తరబడి ముప్పైల్లోనే ఆడుతూ ఉంటుంది, ఏమీ అవదు. కొందరికి ఆరు నెలల్లో బయటపడుతుంది. మీరు ఎవరిలో ఉన్నారో చెప్పలేను."

"లోతుకెల్లొచ్చా?"

ఆవిడ కుర్చీ నా వైపు జరుపుకుంది. "ఇక్కడున్నా అక్కడున్నా ఇప్పుడు నేను చేయగలిగింది చూడటమే. పాయలో ఉంటే పక్షానికోసారి అంకె తెలుస్తుంది. లోతు నుంచి పూస మాట మాకు అందదు. మూడు నెలలకి మా పడవ వచ్చినప్పుడే చూస్తాం. దానివల్ల పెద్ద నష్టం ఉంటుందని నేననుకోను. ఉండనే ఉండదని కూడా అనలేను. పడుకున్నా తగ్గని నొప్పి, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది వచ్చినా ఆగొద్దు. ఊరి వైర్‌లెస్‌లో కబురు పెట్టండి. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం."

సగం దారి వచ్చాక పడవలో ఎల్లాజీ అడిగాడు.

"అంకె తెలీకుండా ఉండగలవేటే మూన్నెల్లు?"

"తెలిసి ఉంటన్నాను గదా. అంతకన్నా కట్టమా?"

"నాకు బయ్యమేత్తందే రత్నం."

"నాకూ ఏత్తంది. ఇద్దరం బయపడతా అంచున కూకునే బదులు మజ్జిన కూకుందాం. అక్కడ మనుసులుంటారు."

చుక్కాని ఊరి వైపు తిప్పాడు. తర్వాత, "నానే విప్పమన్నాను, నానే కట్టమని అడుగుతాన్లే" అన్నాడు.

కార్తీక బహుళ ఏకాదశి

అడగడం అంత తేలిక కాదట. దానయ్య బాబాయ్ మా ఇద్దరినీ గుడి తెప్ప మీద కూర్చోబెట్టి చెప్పాడు.

"బాగైందని ఆసుపత్రోళ్ళు సెప్తే ఇంటిని మజ్జికి తెత్తాం. బాగోలేదంటే అంచునుంచుతాం. ఆళ్ళు ఏటంటన్నారు?"

"తెలీదంటన్నారు బాబాయ్."

"అదేనమ్మాయ్. తెలీదన్నదానికి మన పద్దతిలో సోటు లేదు."

అంటే ఇన్నేళ్ళలో ఎవరికీ తెలియకుండా ఉండలేదా? ఉండే ఉంటుంది. తెలియనివాళ్ళందరినీ అంచునే ఉంచేశారన్నమాట, బాగైనవాళ్ళు తిరిగొచ్చారు, కానివాళ్ళు రాలేదు.

ఇంకొక సంగతీ చెప్పాడు. పాయలో ఎప్పుడు కావాలంటే అప్పుడు మోకు విప్పవచ్చు. లోతులో అలల మధ్య రోగిని మోసుకుని తెప్ప నుంచి తెప్పకి దూకలేం. మధ్య ఇంటిని బయటికి తీయాలంటే చుట్టూ ఉన్న ఆరిళ్ళవాళ్ళూ ముడులు విప్పాలి. చెయ్యి చాపి చూపించాడు. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు, అలాంటి రోజునే మోకుకీ తెప్పకీ మధ్య నలిగి పోయాయి. "నాను ఒద్దనను. ఆరిళ్ళోళ్ళూ ఒప్పుకోవాలి. అందరి ముందూ ఎల్లాజీయే అడగాలి. విప్పమన్నోడే కట్టమనాలి."

ఎల్లాజీ నలుగురిలో మాట్లాడగా నేనింతవరకూ వినలేదు. పెళ్ళిలో కూడా అన్నిటికీ తలే ఊపాడు.

నా కోసం ఎవరి వేళ్ళైనా పోతాయేమో అన్న ఆలోచన నన్ను తినేస్తోంది. అడగవద్దని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. నాకు ఆ చోటు కావాలి. ఇంత ఆశ ఉందని నాకే తెలియదు.

కార్తీక అమావాస్య

ముప్పై ఐదు.

మొదటి దానికన్నా ఎక్కువ, కిందటి దానికన్నా తక్కువ. "తగ్గిందన్నమాట!" అని మసేనమ్మ వదిన ఎగిరి గంతేసింది. తగ్గలేదు వదినా, ఊగుతోంది. అది కూడా అంచున ఉన్నట్టుంది.

"ఇలాగే ఉంటే ఏమీ చెప్పలేం" అన్నారు డాక్టరమ్మ. అలవాటైంది తల్లీ, అన్నాను. ఆవిడ నవ్వి, "జాగ్రత్తగా వెళ్ళి రండి" అన్నారు. వెళ్ళి రండి అన్నారు! కట్టించుకోవడం ఇంకా తేలనే లేదు.

మార్గశిర శుద్ధ పంచమి

లోతుకి వెళ్ళే వరసలో కట్టడానికి తెల్లవారగానే పాత ముడులన్నీ విప్పేశారు. ఊరు ఊరంతా విడి తెప్పలై నీళ్ళ మీద తేలుతోంది. ముందు గుడి తెప్ప నిలిచింది. ఒక్కో ఇంటినీ పిలుస్తుంటే, అది వచ్చి దాని చోట చేరుతోంది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మోకులు విసిరి కొసలు కట్టుకుంటున్నారు. మా పాత చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీకి ఒక పక్క మసేనమ్మ వదిన, ఇంకో పక్క గవిరేసు వాళ్ళు.

"ఎల్లాజీ, అడుగుతావేటి?" అన్నాడు దానయ్య బాబాయ్.

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. నేను కింద చూస్తూ కూర్చున్నాను.

"మా ఇల్లు మజ్జిన కట్టండి" అన్నాడు. ఎవరికీ వినబడలేదు, ఇంకోసారి అన్నాడు. "మా యావిడికి బాగుందా అనడిగితే తెలీదు. బాగోలేదా అంటే అదీ తెలీదు. డాట్రమ్మకీ తెలీదు. అంచునెట్టమన్నోన్ని నానే. అది తప్పు. తెలిసేదాకా ఎదురు సూత్తా అది అక్కడ కూకోడానికి ఈల్లేదు. విప్పాల్సిన రోజొత్తే మీ సేతి ఏళ్ళు నలుగుతాయని నాకు తెలుసు. తెలిసే అడుగుతన్నాను."

ఆరిళ్ళవాళ్ళూ దానయ్య బాబాయ్ చేతి వైపు చూశారు.

గవిరేసు ముందుకు వచ్చాడు. "లోతులో అలల్లో మోకులిప్పడవంటే ఆటలేటి బావా? మాకూ పిల్లలున్నారు..."

వాడన్నదాంట్లో తప్పు లేదు. లేచి, పోనీలెండి, అందామని నోరు తెరిచాను.

"ఎవలి కొస ఆళ్ళది" అంది మసేనమ్మ వదిన. అందరం అటు తిరిగాం. తెప్ప చివర వంగి ఉంది, రెండు చేతులా మోకు లాగుతోంది. "మీరంతా ఏటనుకుంటారో అనుకోండి. నా కొస నాను కట్టేసేను."

నిజంగానే కట్టేసింది. వీళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే ముడి వేసేసి, రెండో కొస మా తెప్ప మీదికి విసిరింది. అది వచ్చి నా ఒళ్ళో పడింది.

గవిరేసు భార్య లేచింది. మొగుడి వైపు చూడను కూడా చూడకుండా మోకు అందుకుంది. "కట్టొద్దన్నానేటే నాను? ఆటలు కాదన్నానంతే గదా! గట్టిగా కట్టు, వదులుగా కడితే అక్క నీళ్ళ కాడ నన్ను తిట్టి సంపుద్ది" అని గవిరేసు అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు వినడానికి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత ఒక్కొక్క ఇల్లే, ఒక్కొక్క మోకే వచ్చి పడింది.

ఇక నా కొసలు నేను కట్టాలి. చంకలో గడ్డలు తీసిన తర్వాత నా ఎడమ చెయ్యి బరువు లాగదు, లాగితే వాస్తుంది. ఎల్లాజీ నా నడుం పట్టుకుని ఆనుకోనిచ్చాడు గాని మోకు ముట్టుకోలేదు. కుడి చేత్తో లాగి, మోకాలితో తొక్కిపట్టి, ఆరూ కట్టాను. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. ఎవరూ నువ్వు కూకో అనలేదు.

"బిగిసిందేటే?" అని అడిగింది వదిన.

లాగి చూశాను. వాళ్ళ తెప్ప వచ్చి మా తెప్పకి ఆనుకుంది. "బిగిసింది" అన్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది, అందరి ముందే, పైకే. ఎల్లాజీ కూడా నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మా ఇద్దరినీ అలాగే వదిలేసి, దానయ్య బాబాయ్ వెనక్కి తిరిగి, "తరవాతిల్లు ఎవలిదిరా?" అని కేకేశాడు.